కుళాయి తిప్పని రోజు

నాకు జంతువులంటే పెద్ద ప్రేమేం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మనసుకు హాయి. పంతొమ్మిదేళ్ళుగా జంతువుల ఆసుపత్రి కౌంటరులో కూర్చుంటున్నాను కాబట్టి, నా ఇంట్లో అరడజను కుక్కలూ డజను పిల్లులూ ఉంటాయని అందరూ అనుకుంటారు. ఒక్కటీ లేదు. పిల్లి వెంట్రుక ముక్కుకు తగిలితే చాలు, నాకు వరసగా పదకొండు తుమ్ములు. లెక్కపెట్టింది మా లెక్కల డాక్టరుగారు.

మా ఆసుపత్రి తాళాలు బాగుచేసే దుకాణానికీ, బట్టలు ఇస్త్రీ చేసే దుకాణానికీ మధ్యన ఉంటుంది. ముందు గదిలో పరీక్ష చేసే ఒక చెక్క బల్ల, రెండు బెంచీలు. కిటికీ పక్కది పిల్లులకు, తలుపు పక్కది కుక్కలకు. ఈ చట్టం నాది. ఎవరైనా అటూ ఇటూ అయితే నా నోరు లేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, అయినా జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళు వచ్చేది నా కోసం కాదు కదా, లోపలున్న ముగ్గురు డాక్టర్ల కోసం.

ఆ ముగ్గురి గురించీ రాసే పని నా నెత్తిన పడింది. ఆసుపత్రి పెట్టిన లెక్కల డాక్టరుగారికి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. ముందు గదిలో గోడకు ఒక పెద్ద బోర్డు, దాని మీద ఒక్కో డాక్టరు ఫోటో, ఫోటో కింద ఆ డాక్టరు నేపథ్యం, ఇష్టాలు.

"జంతువుని మన చేతుల్లో పెట్టి వెళ్తున్నారమ్మా. ఆ చేతులు ఎక్కడివో వాళ్ళకు తెలియొద్దూ?" అన్నారు. "నువ్వు రాయి. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి."

ఆయనది సులువుగానే అయిపోయింది. పశువైద్యం చదవకముందు ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పారు. ఒకరోజు తరగతి గదిలోకి పిచ్చుకపిల్ల పడితే, భాగహారం సగంలో వదిలేసి దాని రెక్కకు అగ్గిపుల్ల కట్టారట. మర్నాటి నుంచి పిల్లలు గాయపడ్డ ప్రతి పురుగునూ సంచిలో వేసుకుని రావడం మొదలుపెట్టారట. ఇష్టం: తనతో తానే చదరంగం ఆడుకోవడం. ఓడిపోయినరోజు ఎవరితోనూ మాట్లాడరు. ఆ ముక్క బోర్డు మీద వద్దన్నారు.

రెండో ఆయన మా పహిల్వాన్. లారీ డ్రైవరు కొడుకు. తలుపు పట్టనంత భుజాలు. దూడంత కుక్కనైనా ఒక్కడే ఎత్తి బల్ల మీద పెడతాడు. ఇష్టాలేమిటని అడిగితే బరువులెత్తడం అన్నాడు. ఇంకేమైనా ఉన్నాయా అంటే చెవులు ఎర్రబడ్డాయి. చివరికి సొరుగు తీసి చూపించాడు. లోపల ఉన్ని బంతులు, రెండు అల్లిక సూదులు. ఆపరేషనయిన కుక్కపిల్లలకు స్వెట్టర్లు అల్లుతాడట.

"ఇది రాయకండి ఆంటీ" అన్నాడు. నన్ను ఆంటీ అన్నందుకు పెద్దక్షరాలతో రాశాను.

మూడోది రేడియో డాక్టరమ్మ. ఆమె కాగితం మూడు వారాలు నా సొరుగులో ఖాళీగా పడుంది. ఈ కథంతా ఆ ఖాళీ కాగితం గురించే.

ఆమె నేపథ్యం ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. అయిదో ఏట నుంచీ వాళ్ళ నాన్న రేడియో రిపేరు దుకాణంలో పెరిగింది. రేడియో విప్పకముందే దాని రోగం చెవితో పట్టుకునేదట. ఆ దుకాణం మెట్టు మీద ఒక వీధి కుక్క పడుకునేది. దానికి ఆయాసం వస్తే, ఈమె దాని పక్కటెముకల మీద చెవి ఆనించి విని, లోపల ఫలానా చోట ఫలానా చప్పుడు వస్తోందని పశువుల డాక్టరుకు చెప్పిందట. ఆయన స్టెతస్కోపు పెట్టి చూస్తే, అక్షరాలా అదే చోట అదే చప్పుడు. అప్పుడు ఈమెకు పదకొండేళ్ళు. "ఈ పిల్లను నా దగ్గరికి పంపండి" అన్నాడట ఆ డాక్టరు. అదీ ఆమె పశువైద్యంలోకి వచ్చిన తీరు.

ఇక ఆమె పని చేసే పద్ధతి చూడాల్సిందే. ఆమె స్టెతస్కోపు చెవిన పెట్టుకుందంటే ఆసుపత్రంతా మూగబోవాలి. నేను ఫోను మీద చెయ్యేస్తాను. పహిల్వాన్ ఉన్నచోటే ఆగిపోతాడు. ఆమె కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకు వంచుతుంది. బెంచీ మీది కుక్కలు కూడా ఆ నిశ్శబ్దానికి బెదిరి ఊరుకుంటాయి.

పిల్లయితే ఇంకో సంగతుంది. పిల్లులు గురగురలాడతాయి కదా, ముద్దుచేస్తే ఒకలా, భయమేస్తే ఒకలా. ఆ గురగురలో గుండె చప్పుడు మునిగిపోతుంది. అందుకని ఆమె ముందు గది మూలనున్న కుళాయి తిప్పుతుంది. నీళ్ళ చప్పుడు వినగానే పిల్లి చెవులు నిక్కబొడుచుకుని అటు చూస్తుంది, గురగుర ఆపేస్తుంది. ఆ అరనిమిషంలో ఆమె గుండె వినేస్తుంది. పిల్లి, కుళాయి, గుండె. పంతొమ్మిదేళ్ళలో ఈ వరస తప్పడం నేను చూడలేదు.

ఆమె ఇష్టమేమిటో కూడా వీధంతటికీ తెలుసు. నెలకో పాత రేడియో కొనుక్కొచ్చి బాగుచేస్తుంది. బాగైనదాన్ని నా కౌంటరు మీద పెడుతుంది, ఎదురుచూసే జంతువులకు చల్లగా పాటలు వినబడాలని. మరి అంత తెలిసినప్పుడు కాగితం నింపడానికి నాకేం రోగం? రోగమేమీ లేదు, ఆమే వద్దంది. "నా ఇష్టాల గడి వదిలెయ్ అక్కా" అంది. నలుగురిలో ఆమె నాకు మీరు, నేనామెకు మీరు. ఇద్దరమే ఉంటే నువ్వంటే నువ్వు. "అదేమిటి, రేడియోలు ఉన్నాయిగా" అంటే వినబడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

వినబడనట్టు. ఆ మాట అప్పుడు నేను ఊరికే అనుకున్నదే.

తర్వాత ఒక్కొక్కటే తోచింది. నాలుగు నెలలుగా కొత్త రేడియో రాలేదు. కౌంటరు మీదున్న పాతదానిలో పాట వెనక గుయ్‌మని ఒక మోత మొదలై చాలా రోజులయింది. నా తల పగిలిపోతోంది. రేడియోలో గుయ్‌మంటే రెండు నిమిషాలు ఓర్చుకోలేని మనిషి, రోజూ దాని పక్కనుంచి పోతూ కూడా చెయ్యి పెట్టలేదు. ఎవరైనా మాట్లాడితే ఎడమ చెంప వాళ్ళ వైపు తిప్పి నిలబడటం కూడా నేర్చింది. నేనేమో వయసుతో పాటు డాబు వచ్చిందనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది.

ఒక సోమవారం పొద్దున పాత పోస్టుమాన్ తన పిల్లిని తెచ్చాడు. ఉద్యోగం దిగిపోయి పదేళ్ళయినా వీధిలో ఆయన్ను అందరూ అలాగే పిలుస్తారు. భార్య పోయాక ఆయనకు మిగిలిన తోడు ఆ పసుపుపచ్చ పిల్లి. దాని దర్జా చూసి దొరగారని పేరు పెట్టింది నేనే. దొరగారికి పళ్ళు పుచ్చి తిండి సయించడం లేదు. రెండు పళ్ళు పీకాలి. పీకాలంటే మత్తివ్వాలి. మత్తివ్వాలంటే గుండె గట్టిగా ఉండాలి.

దొరగారికి బల్ల ఎక్కడం నామోషీ. అందుకని తువ్వాల్లో చుట్టి పోస్టుమాన్ ఒళ్ళోనే ఉంచుకున్నాడు. డాక్టరమ్మ వంగి స్టెతస్కోపు పెట్టింది. నేను ఫోను మీద చెయ్యేశాను. గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో దొరగారి గురగుర కౌంటరు దాకా వినబడుతోంది, ఇంటి మీద నీళ్ళ మోటారు తిరుగుతున్నట్టు. ఇప్పుడు లేచి కుళాయి తిప్పుతుందిలే అని చూస్తున్నాను.

ఆమె లేవలేదు. కళ్ళు మూసుకుని అరనిమిషం అలాగే ఉండి, స్టెతస్కోపు తీసి, "గుండె బాగుంది. ఎల్లుండి పొద్దున పరగడుపున తీసుకురండి" అంది.

"మీరు బాగుందంటే చాలు తల్లీ. ఇంకెవరు చెప్పినా నాకు నిద్రపట్టదు" అన్నాడు పోస్టుమాన్.

 ఆ మోతలో ఆమె ఏ గుండె విన్నట్టు?

ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ తూచాను. లెక్కల డాక్టరుగారికి చెబితే ఒక్క మాటలో తేలిపోతుంది, దానితో పాటు ఆమె పేరూ పోతుంది. చెప్పకపోతే బుధవారం మత్తులో పిల్లికి ఏదైనా జరగవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ ముసలాయన ఖాళీ తువ్వాలు పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళడం కళ్ళ ముందు కదిలింది. నాకు జంతువులంటే ప్రేమేం లేదని చెప్పాను కదా. ఆ తువ్వాలు మాత్రం చూడలేను.

మంగళవారం మధ్యాహ్నం, ముందు తలుపు మూసే వేళ, ఆమె గదిలోకి కాగితం పట్టుకుని వెళ్ళాను.

"మళ్ళీ ఆ కాగితమేనా?"

"కాగితం సంగతి తర్వాత. నిన్న దొరగారికి నువ్వు కుళాయి తిప్పలేదు డాక్టరమ్మా."

ఆమె ముఖం గట్టిపడింది. "నీ పని కౌంటరు చూసుకోవడం అక్కా. గుండెలు చూసుకోవడానికి నేనున్నాను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని తెలుసు. అయినా నాకూ ముక్కు మీదే కోపం. "సరే, నా పని నేను చూసుకుంటా" అని తలుపు గట్టిగా వేసి, వెనక గదిలో పంజరాలు కడగడానికి పోయాను. కడిగిన పంజరాన్నే మళ్ళీ కడుగుతున్నాను. కళ్ళ నీళ్ళు వస్తుంటే పిల్లి వెంట్రుకల మీదికి నెట్టేశాను.

పది నిమిషాల తర్వాత ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిజంగా తిప్పలేదా?"

"లేదు."

"గురగురలాడాడా?"

"మోటారులా. కౌంటరు దాకా వినబడింది."

ఆమె మందుల పెట్టె మీద కూలబడింది. "వేళ్ళకు ఏదో అదురు తగిలింది అక్కా. పెద్దాయన చేతులు వణుకుతున్నాయనుకున్నాను."

కాసేపటికి ఆమే చెప్పింది. నాలుగు నెలల కింద చెవుల డాక్టరుకు చూపించుకుందట. రెండు చెవుల్లోనూ ఎముక బిగుసుకుపోతోందట. కొందరికి ముందుగా బొంగురు చప్పుళ్ళు, లోతైన చప్పుళ్ళు పోతాయట. మాటలు మాత్రం చాలావరకు అందుతాయి. మిషను పెట్టుకుంటే ఇంకా బాగా అందుతాయి. గుండె చప్పుడు మాటలాంటిది కాదు, అది అట్టడుగున ఉంటుంది.

"ఎడమ చెవితో నెట్టుకొస్తున్నానక్కా. అది కూడా పోతోందని ఇప్పటిదాకా నాకు నేనే ఒప్పుకోలేదు. ఇంత తెలిసీ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు చేశాను."

"చెప్పొచ్చుగా ఎవరికైనా."

"చెప్తే ఏమవుతుందో చిన్నప్పుడే చూశాను."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రేడియో దుకాణం అసలు కథ. వాళ్ళ నాన్నకూ ఇదే జబ్బు. ఈమెకు అయిదేళ్ళప్పటికే ఆయనకు రేడియోలో మోత వినబడేది కాదు. దుకాణం మూస్తే పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని కూతురిని బల్ల కింద కూర్చోబెట్టుకునేవాడు, వచ్చినవాళ్ళకు కనబడకుండా. పాప స్పీకరుకు చెవి ఆనించి, బల్ల చెక్క మీద వేలితో తట్టేది. ఒక్కసారి తడితే శుభ్రంగా ఉంది. రెండుసార్లు తడితే గుయ్‌మంటోంది. మూడుసార్లయితే చిటపటలు. ఆయన అరచెయ్యి బల్ల మీద ఆనించి ఆ తట్టుడు పట్టుకుని, ఒక్క తట్టు వచ్చేదాకా తీగలు సరిచేసేవాడు. వీధి కుక్క ఆయాసపడ్డప్పుడు కూడా, నువ్వు విని చెప్పమ్మా అన్నది ఆయనే. తను వినలేడు కనుక.

"మరేమయింది?"

"పరీక్షలని నేను వారం రోజులు దుకాణానికి పోలేదు. ఒకాయన రేడియో నాన్న ఒక్కడే చూసి ఇచ్చేశాడు. అది గుయ్‌మంటూనే ఉంది. ఆ రేడియో మనిషి పదిమందిని వెంటబెట్టుకొచ్చి, దుకాణం ముందు దాన్ని పెట్టి, చెవిటివాడివి నీకెందుకయ్యా ఈ పని అని నవ్వాడు. నాన్న ఆరోజు తలుపులు మూసి, తర్వాత స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికాడు. కిటికీ దగ్గర కూర్చునే బతికాడు అక్కా."

నేను చేతిలోని తడి గుడ్డ పిండి పంజరం మీద ఆరేశాను. 

"రేపు ఆ పోస్టుమాన్ తాతగారికి చెప్తాను" అంది ఆమె, లేస్తూ.

చెబుతుందో లేదో నాకు నమ్మకం లేదు. రాత్రి గడిచేసరికి మనిషికి నూరు సాకులు దొరుకుతాయి. ఆమె చెప్పకపోతే నేనే చెబుతానని గట్టిగా అనుకున్నాను. అనుకున్నాను గానీ, నా నోరు దానికి లేస్తుందా అన్నది నాకే తెలియదు.

బుధవారం పొద్దున పోస్టుమాన్ అందరికంటే ముందొచ్చి కిటికీ బెంచీ మీద కూర్చున్నాడు. తువ్వాల్లో దొరగారు. రాత్రి నుంచీ తిండి పెట్టలేదేమో, నన్ను తినేసేలా చూస్తున్నాడు. లోపల లెక్కల డాక్టరుగారు నల్లబల్ల మీద మత్తుమందు లెక్క కడుతున్నారు. డాక్టరమ్మ వచ్చింది. బెంచీ దాటింది. నా కౌంటరు దాటింది. గదిలోకి పోయి తలుపు మూసుకుంది.

అయిపోయింది అనుకున్నాను. నేను లేచేలోపు తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఆమె తిన్నగా వచ్చి పోస్టుమాన్ పక్కన, పిల్లుల బెంచీ మీద కూర్చుంది.

"తాతగారూ, మొన్న మీ పిల్లి గుండె బాగుందని చెప్పాను. నేను వినలేదు. నా చెవులు పోతున్నాయి. వినబడకుండానే బాగుందని చెప్పాను. తప్పు నాది."

లోపల లెక్కల డాక్టరుగారి సుద్దముక్క చప్పుడు ఆగిపోయింది. తలుపు బెంచీ మీద కుక్కను పట్టుకుని కూర్చున్నావిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఎవరైనా నవ్వితే వాళ్ళ పని పట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నా చేతిలో తడి గుడ్డ ఉంది.

పోస్టుమాన్ దొరగారి మీద తువ్వాలు సర్ది ఆమె వైపు తిరిగాడు.

"చివరి రెండేళ్ళు నాకు అడ్రసులు కనబడేవి కావు తల్లీ" అన్నాడు. "పొద్దున్నే మా ఆవిడ చదివి వరసగా పేర్చి ఇచ్చేది. ఆ వరస బట్టీ పట్టి పంచేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. నీ అంత ధైర్యం నాకు లేకపోయింది. రెండే రెండు ఉత్తరాలు తప్పు ఇళ్ళకు పోయాయి."

"అయ్యో."

"ఏం అయ్యో. అందులో ఒకటి పెళ్ళి కుదిర్చింది." అని దొరగారిని ఆమె ఒళ్ళో పెట్టాడు. "వీణ్ణి మాత్రం తప్పు ఇంటికి పంపకు. ఇప్పుడేం చేద్దామో చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుని పహిల్వాన్‌ను పిలిచింది. అతనికి స్టెతస్కోపు అంటే పెద్ద శ్రద్ధ లేదు. ఎక్కడ చూసినా మిషన్లున్న కాలంలో చదివినవాడు. చెవిన పెట్టుకుని మూడు సెకన్లు విని, "బాగానే ఉంది మేడమ్" అన్నాడు.

"కుళాయి" అంది ఆమె.

నేను పరుగున వెళ్ళి కుళాయి తిప్పాను. దొరగారు చెవులు నిక్కించి గురగుర ఆపాడు. నేను ఫోను మీద చెయ్యేశాను. ఆమె దొరగారిని బల్ల మీదికి మార్చి, తన అరచెయ్యి బల్ల చెక్క మీద ఆనించింది.

"కళ్ళు మూసుకో. వేగం పట్టించుకోకు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే అందులో ఎన్ని అడుగులు వినబడుతున్నాయో, అన్నిసార్లు బల్ల మీద తట్టు. నీకు తెలిసింది కాదు, వినబడింది తట్టు."

పహిల్వాన్ కళ్ళు మూసుకున్నాడు. అంత లావు మనిషి, ఊపిరి బిగపట్టి ఒక పిల్లి మీదికి వంగి ఉన్నాడు. అతని వేలు బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఆగాడు. నుదురు ముడిపడింది. మళ్ళీ తట్టాడు. ఒకటి, రెండు. తర్వాత తేలిగ్గా, ఉందో లేదో అన్నట్టు, మూడు.

"మళ్ళీ" అంది ఆమె.

ఒకటి, రెండు, మూడు. ఈసారి మూడోది స్పష్టంగా.

"గుర్రం పరిగెత్తినట్టుంది మేడమ్" అన్నాడు కళ్ళు తెరవకుండానే.  "ఇందాక నాకు వినబడనే లేదు."

"ఇందాక నువ్వు వినలేదు" అంది ఆమె. "మామూలు గుండెకు రెండే అడుగులు, మూడోదుందంటే గుండె కండరం బిగుసుకున్నట్టు. ఇలాగే మత్తిచ్చి ఉంటే లేచేవాడు కాదేమో."

పోస్టుమాన్ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అదే తువ్వాలు. నేను అటు చూడలేక కుళాయి కట్టేయడానికి వెళ్ళాను. పదకొండు తుమ్ములు అక్కడే తుమ్మాను.

దొరగారిని ఆరోజే పెద్ద ఆసుపత్రికి పంపి స్కానింగు తీయించాం. పహిల్వాన్ వేలు చెప్పిందే అక్కడి మిషనూ చెప్పింది. ఆరు వారాలు గుండెకు మందులు వాడి, తర్వాత పెద్ద ఆసుపత్రిలోనే జాగ్రత్తగా, కొద్దికొద్దిగా మత్తిచ్చి ఆ రెండు పళ్ళూ పీకారు. దొరగారు ఇప్పుడు నన్నే కరవాలని చూస్తున్నాడు, మిగిలిన పళ్ళతో.

లెక్కల డాక్టరుగారు మాత్రం ఆ రోజంతా మాట్లాడలేదు, చదరంగంలో ఓడినట్టు. సాయంత్రం ఆమె గదిలోకి వెళ్ళి, "నాలుగు నెలల్లో నువ్వు విన్న గుండెలెన్నో లెక్క తీశాను. అరవై మూడు. అన్నీ మళ్ళీ వినాలి" అన్నారు.

"వింటే సరిపోతుందా? నన్ను పంపేస్తారనుకున్నాను."

"పంపేస్తే ఆ కుర్రాడికి వినడం ఎవరు నేర్పుతారు? నాకు రాదు. నాకు లెక్కలే వచ్చు." అని తలుపు దాకా వెళ్ళి, ఆగారు. "నాలుగు నెలలు నాకు చెప్పలేదు చూడు, దానికి మాత్రం కోపంగా ఉంది." ఆ కోపం వారం రోజులుంది. ఉండాల్సిందే కదా.

అరవై మూడు ఇళ్ళకూ ఫోను చేసింది నేను. ఒక్కొక్కరికీ ఉన్నదున్నట్టు చెప్పమంది డాక్టరమ్మ. నలుగురు కోప్పడ్డారు. ఇద్దరు మరి రాలేదు. మిగతావాళ్ళు బుట్టలూ సంచులూ పట్టుకుని వచ్చారు. పహిల్వాన్ వింటూ తట్టేవాడు, ఆమె అరచెయ్యి ఆనించి చూసేది. ఒక ముసలి కుక్కకు తప్ప అందరికీ రెండే తట్లు. ఆ కుక్కకూ మందు మొదలుపెట్టారు.

మొన్న ఒక సాయంత్రం జనం లేనప్పుడు ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని నా కౌంటరు దగ్గరికొచ్చింది. "ఈ రేడియో గుయ్‌మంటోందట కదా. ఎన్నాళ్ళుగా భరిస్తున్నావక్కా?" అని వెనక రేకు విప్పి, నన్ను స్పీకరు దగ్గర కూర్చోబెట్టింది. నేను తట్టాను, రెండు. ఏదో బిగించింది. రెండు. ఇంకేదో తీసి వేరేది పెట్టింది. రెండు. నాకు విసుగొచ్చింది. "ఇది బాగయ్యేదేనా?" అన్నాను. ఆమె బల్ల మీద అరచెయ్యి తీయలేదు. మరో తీగ కలిపింది. మోత ఆగిపోయింది, పాట ఒక్కటే మిగిలింది. నేను ఒక్కసారి తట్టాను. ఆమె ముఖం అప్పుడెలా ఉందో రాయడం నాకు చేతకాదు. అయిదేళ్ళ పిల్ల ముఖం అది.

సొరుగులోంచి కాగితం తీసి ముందు పెట్టాను. "నేపథ్యం నేనే రాశాను, చూసుకో" అన్నాను. రేడియో దుకాణంలో నాన్నకు చెవులుగా పనిచేసింది, అని రాశాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివింది. కొట్టేస్తుందేమోననుకున్నాను. కొట్టేయలేదు. నా చేతిలో కలం లాక్కుని, ఇష్టాల గడిలో తనే ఏదో రాసి ఇచ్చింది.

బోర్డు ఇప్పుడు గోడకుంది. కుక్కల బెంచీ వాళ్ళూ పిల్లుల బెంచీ వాళ్ళూ లేచి వచ్చి చదువుతారు. చదరంగం దగ్గర తలూపుతారు, స్వెట్టర్ల దగ్గర నవ్వుతారు, మూడో ఫోటో దగ్గర మాత్రం కాసేపు ఆగుతారు. బోర్డంతా నా గుండ్రటి అక్షరాలే, ఆ ఒక్క వాక్యం తప్ప. దాన్ని ఆమె చేతిరాతలోనే అతికించాను. "ఇష్టాలు: ఎవరైనా శ్రద్ధగా వింటుంటే, వాళ్ళ ముఖం చూడటం."